ఓనరు గారి ఇంటర్వ్యూ

బెంగళూరులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అరగంటలో అయిపోతుంది. అసలు ఇంటర్వ్యూ ఇల్లు బాడుగకు అడిగినప్పుడే.

“ఏ ఊరప్పా?”

“నిడుగల్లు సార్, పావగడ తాలూకా.”

“ఆంధ్రావాళ్లకు ఇయ్యం.”

“ఆంధ్రా కాదు సార్, తుమకూరు జిల్లా. కర్ణాటకే.”

“మరి తెలుగు మాట్లాడ్తాండావే?”

“మీరు మాట్లాడేదీ తెలుగే కదా సార్!”

తప్పు ఓనరుది కాదు, మ్యాపుది. మా తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రే. పాపం, ఓనరుకు సందేహం రాక ఏమవుతుంది? ఆ గండం గడిస్తే మిగతావి వరసగా వస్తాయి. పెండ్లయిందా? మాంసం వండుతారా? రాత్రి ఎన్నింటికి వస్తావు? చుట్టాలొస్తే ఎన్ని దినాలుంటారు? ఆధార్, ఆఫీసు లెటరు, పోలీసు వెరిఫికేషను, పర్మనెంట్ అడ్రెస్. ఈ అడ్రెస్ సంగతిలో మావాళ్లు ముందునుంచీ ఘనులే. నిడుగల్లు కొండను ఏలిన చోళ రాజులు శాసనాల్లో తమను ఒరయూరు పురానికి అధీశ్వరులమని రాయించుకున్నారు. ఒరయూరేమో ఎక్కడో తిరుచిరాపల్లి దగ్గర! వాళ్లను ఖాళీ చేయించడానికి హొయసలులు దండెత్తి వచ్చారు గానీ, అడ్వాన్సులోంచి పెయింటింగు ఖర్చు పట్టుకున్నట్టు ఏ శాసనంలోనూ లేదు.

ఇక అడ్వాన్సు. పది నెలలు అనేది బెంగళూరులో పాత ఆచారం. బాడుగ 20,000 అయితే ఓనరు చేతిలో 2 లక్షలు పోయాల. ఆరు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 12,000. అంటే నెలకు ఇంకో వెయ్యి బాడుగ, రసీదు లేకుండా. బ్యాంకు అప్పిచ్చేముందు మన చరిత్రంతా తవ్వుతుంది. మనం ఓనరుకు 2 లక్షలు వడ్డీ లేకుండా అప్పిస్తూ, మన చరిత్రే తవ్వించుకుంటాం. పోయిన బాడుగదారుకు అడ్వాన్సు ఎప్పుడిచ్చారు సార్ అని ఎవడైనా అడిగాడా? అడిగితే ఇల్లు ‘అప్పుడే ఇంకొకరికి ఇచ్చేసినాం’.

చట్టం లేదా అంటారు. ఉంది. కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చింది. కాపురం ఇంటికి రెండు నెలల బాడుగకు మించి డిపాజిట్ వద్దంది. కాకపోతే అది మోడల్ మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే దానికి ప్రాణం. కర్ణాటకకు 1999 నాటి సొంత బాడుగ చట్టం ఉంది. బెంగళూరులో నెల బాడుగ 3,500 దాటిన ఇంటికి అది వర్తించదు. ఈ రోజుల్లో 3,500కు బైకు నిలబెట్టుకోను నీడ దొరికితే గొప్ప. అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకంటే, ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాల. పన్నెండో నెల వచ్చేసరికి బాడుగ పెరుగుతుంది. కుళాయి కారేది మాత్రం అట్లే కారుతుంది.

ఇంత పరీక్ష రాసే మా పావగడవాళ్ల తాలూకాలోనే ఇంకో బాడుగ కథ ఉంది. తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. రైతులు భూమి అమ్మలేదు, పార్కు పెట్టిన సోలార్ కార్పొరేషన్‌కు 28 ఏండ్లకు లీజుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000. రెండేండ్లకోసారి అయిదు శాతం పెంపు. చూడండి, ఇక్కడ ఓనర్లు మావాళ్లు! మీరు మాంసం తింటారా అని సోలార్ కార్పొరేషన్ను ఒక్కరైనా అడగలేదు. బెంగళూరు లెక్కన పది నెలల అడ్వాన్సు అడిగుంటే ఎకరాకు 17,500. 13,000 ఎకరాలకు 22 కోట్ల 75 లక్షలు. ఆ బుద్ధి అప్పుడు తట్టలేదు.

పోనీ, 28 ఏండ్లయినాక కార్పొరేషన్ పలకలు పీక్కొని ఖాళీ చేసే దినం ఉండనే ఉంది. మడికి మళ్లీ పచ్చరంగు రావాల కదా, పెయింటింగు కింద ఒక నెల బాడుగ పట్టుకోమని మావాళ్లకు ఇప్పుడే చెప్పిపెట్టినాను.