తెరసంజీవని: ఒక మాంబళం ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలం

లింకు దాచి పెట్టి బ్యాంకులో సొమ్మని
లెక్క చూసి మురిసి పక్క మీద
నిదుర మేలటంచు నెట్టున చదువుచు
తెల్లవారుదాక తెరను నిమిరె

అవతారిక

ఇది చెన్నపట్నంలో పుట్టిన చాటువు. కవి ఎవరో చెప్పుకోడు, మాంబళం స్టేషను చుట్టుపక్కల వాడని మాత్రం వాడుక. కాలనిర్ణయానికి ఆధారాలు పద్యంలోనే ఉన్నాయి. లింకు ఉంది కాబట్టి ఇంటర్నెట్టు వచ్చాకే రాశాడు. పక్క మీదికి తెర చేరింది కాబట్టి కంప్యూటరు బల్ల దిగి ఫోనుగా మారి, ఆ ఫోను దిండు దగ్గరికి వచ్చాకే రాశాడు. వస్తువు: బాగా చదవడమెలా, పని తెమల్చడమెలా, మనల్ని మనం చూసుకోవడమెలా అని చెప్పే వ్యాసాలను ఆన్‌లైన్లో పోగెయ్యడం. రసం: హాస్యమని కొందరు, కరుణమని ఇంట్లోవాళ్ళు.

టీకలకు మద్రాసు కొత్త ఊరు కాదు. సి.పి. బ్రౌన్ పూనికతో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రం 1851లో ఇక్కడే అచ్చయింది. 1854లో మొదలైన వావిళ్ళ వారు కావ్యాలకూ శతకాలకూ టీకా తాత్పర్యాలు వేయించి తెలుగిళ్ళకు పంచారు. ఇక టీకాకారులందరికీ పెద్ద దిక్కు మల్లినాథ సూరి, మెదక్ సీమలోని కొలిచెలమ వాడు. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. అందులో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్య శిరసావహిస్తుంది. రెండో సగం పత్రికలకు రాసేవాళ్ళకు గిట్టుబాటు కాదు.

ప్రతిపదార్థం

లింకు = ఇంకొకరు రాయగా, వేరొకరు పంపగా, మనం ఇంకా తెరవని వ్యాసపు చిరునామాను; దాచి పెట్టి = ‘తర్వాత చదువుదాం’ అనే సంకల్పం చెప్పుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి; బ్యాంకులో సొమ్ము అని = ఊరికే ఉన్నా వడ్డీ పెరుగుతుందన్న ధీమాతో; లెక్క చూసి = ఎన్ని పోగయ్యాయో చూసుకుని; మురిసి = అన్నీ చదివేసినంత సంబరపడి; పక్క మీద = మంచం మీద; నిదుర మేలు అటంచు = రాత్రిపూట నిద్ర ఒంటికీ బుద్ధికీ మంచిదట అనుకుంటూ; నెట్టున = ఇంటర్నెట్టులో; చదువుచు = ఒక వ్యాసంలోంచి ఇంకో వ్యాసంలోకి జారుతూ; తెల్లవారుదాక = ఆవిన్ పాల ప్యాకెట్లు గుమ్మంలో పడేదాకా; తెరను = ఫోను అద్దాన్ని; నిమిరె = ఇంట్లో మరెవరినీ నిమరనంత ప్రేమగా నిమిరెను.

తాత్పర్యం

ఒకానొకడు చదవవలసినవన్నీ ఫోనులో దాచుకుని, దాచినంత మాత్రాన తెలివి పెరిగినట్టు పొంగిపోయి, రాత్రి మంచమెక్కి, నిద్ర ఎంత మంచిదో చెప్పే వ్యాసం చదువుతూ ఆ నిద్రే లేకుండా తెల్లవార్చాడు. పద్యంలో కర్త కనబడడు. ఇలాంటి చోట ‘అధ్యాహారము చేసికొనవలెను’ అని పాత టీకాకారులు రాస్తారు. ఎవరి పేరు వాళ్ళు వేసుకోవచ్చు, పద్యం అభ్యంతరం చెప్పదు.

విశేషాలు

‘దాచి పెట్టి’. పద్యానికి ఆయువుపట్టు ఇదే. వ్యాకరణం చూడండి: దాచి, పెట్టి, చూసి, మురిసి, ఇన్నీ క్త్వార్థకాలు. అంటే ఆ పనులు పూర్తయ్యాయి. చదవడం దగ్గరికి వచ్చేసరికి కవి ‘చదివి’ అనలేదు, ‘చదువుచు’ అని శత్రర్థకం వేశాడు. అది ఇంకా సాగుతూనే ఉంది, పూర్తయిన దాఖలా పద్యంలో లేదు. ఛందస్సు కోసం వేశాడంటే ఒప్పుకోం. అక్కడ వేరే మాట పట్టేది.

దాచుకునే అలవాటు ఈ ఊరికి ఫోనుతో రాలేదు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వారపత్రికలు మద్రాసు నుంచి వెలువడే రోజుల్లో సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చింపి, వరస పెట్టి, బైండు చేయించి బీరువాలో పెట్టుకున్న ఇళ్ళు ఎన్నో. ఆ కట్టల్లో సీరియల్ పేజీ వెనక తలనొప్పి మాత్ర ప్రకటనా, సగం వంటకం కూడా ఉండేవి. కాకపోతే వాళ్ళు వారం వారం కాచుకుని చదివి, ఇంటిల్లిపాదీ చదివాక, అప్పుడు దాచేవారు. మన నాయకుడు వరస తిరగేశాడు.

అంతకన్నా పెద్ద పూర్వాచార్యుడు కల్నల్ కాలిన్ మెకంజీ. మద్రాసు ప్రెసిడెన్సీకి సర్వేయర్ జనరల్‌గా, 1815 నుంచి దేశం మొత్తానికీ సర్వేయర్ జనరల్‌గా చేసిన ఈయన కంటబడినదల్లా పోగుచేశాడు: తాళపత్రాలు, ఊళ్ళ చరిత్రలు చెప్పే గ్రామ కైఫీయత్తులు, 8,000కు పైగా శాసనాల నకళ్ళు, 6,000కు పైగా నాణేలు. చిత్రమేమిటంటే ఆయనకు ఈ దేశభాషలు రావు. చదివిపెట్టింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ, వాళ్ళ కింది పండితులూ. అన్నీ ఒక కొలిక్కి తెచ్చి ఏదో రాయాలన్న ఆలోచన దొరకు ఉండేది. ఆ తీరిక చిక్కకుండానే 1821లో పోయాడు. పోగుపడినదానికి హెచ్.హెచ్. విల్సన్ చేసిన జాబితా 1828లో అచ్చయింది. మిగిలిన పని నేను నడిపిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, ఆయన వల్ల కాదని కొట్టేశారు. అన్నేళ్ళూ ఆ కట్టలను చదివినవాడి చేతికి తాళం ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బ్రౌన్ దారి వేరు. కడపలో మొదలుపెట్టి, తన జీతంలోంచి పండితులకు జీతాలిచ్చి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూయించి, శుద్ధప్రతి రాయించి, టీక కట్టించేవాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు ఆ పద్ధతిలోంచే వచ్చాయి. మెకంజీ కట్టల్లో చాలా భాగమూ బ్రౌన్ కట్టలూ చివరికి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనే చేరాయి. ఈ ఇద్దరిలో మన ఫోనుకు గోత్రపురుషుడెవరో వేరే చెప్పక్కర్లేదు.

‘బ్యాంకులో సొమ్మని’. దీనికి శాస్త్ర ప్రమాణం ఉంది. బెట్సీ స్పారో బృందం 2011లో ‘సైన్స్’ పత్రికలో కొన్ని ప్రయోగాలు ప్రకటించింది. కంప్యూటర్లో టైపు చేసిన సంగతి అందులో భద్రంగా ఉంటుందనుకున్నవాళ్ళు దాన్ని తక్కువగా గుర్తు పెట్టుకున్నారట. చెరిగిపోతుందనుకున్నవాళ్ళకే ఎక్కువ గుర్తుందట. అంటే దాచిన మరుక్షణం బుర్ర చేతులు దులుపుకుంటుంది. అయితే ఆ వ్యాసంలోని వేరొక ప్రయోగాన్ని ఇంకొక బృందం మళ్ళీ చేసి చూస్తే ముందటి ఫలితం రాలేదని 2018లో తేలింది. మొదటి వ్యాసాన్ని దాచుకున్నవాళ్ళు బోలెడుమంది, రెండోది దాచుకున్నవాళ్ళు నాకింకా తారసపడలేదు.

‘లెక్క చూసి మురిసి’. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ బ్రౌజర్ తెరిచిన పేజీల సంఖ్యను చిన్న చదరంలో చూపిస్తుంది. తొంభై తొమ్మిది దాటాక అంకె వెయ్యడం మానేసి, పక్కకు వాలిన నవ్వు మొహం ఒకటి పెట్టేస్తుంది. కవి ‘మురిసి’ అన్నది ఎవరినో అక్కడ తెలుస్తుంది: మనిషి మురవడం ఆపినా ఫోను మురుస్తూనే ఉంటుంది. వాట్సాప్‌లో మనకు మనమే సందేశం పంపుకునే సౌకర్యం 2022 చివర్లో వచ్చింది. అంతకుముందు ఇంట్లోవాళ్ళనెవరినైనా చేర్చి గ్రూపు పెట్టి, వెంటనే వాళ్ళను తీసేసి, ఒంటరిగా మిగిలిన గ్రూపులో లింకులు పోసుకునేవారు. ‘నన్నెందుకు తీసేశావురా’ అని అక్కగారు ఫోను చేస్తే చెప్పడానికి జవాబుండేది కాదు.

ఈ దాపుడు కోసమే పుట్టిన సాధనం ఒకటి ఉండేది. 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’ అనే పేరుతో మొదలై, 2012లో ‘పాకెట్’ అయి, 2017లో మొజిల్లా చేతికి వెళ్ళి, 2025 జూలై 8న మూతపడింది. మీరు దాచుకున్నవి దింపుకోండని గడువు కూడా ఇచ్చారు. జనం శ్రద్ధగా దింపుకున్నారు. అలా దింపుకున్న ఫైలును ఇంకోచోట దాచారు.

‘నెట్టున’. శ్లేష. నెట్టు అంటే ఇంటర్నెట్టూ అవుతుంది, తోసెయ్యడమూ అవుతుంది. రేపటికి నెట్టడం అనే అర్థం కవి ఉద్దేశించాడా అంటే, ఉద్దేశించలేదనడానికి సాక్ష్యం లేదు. డేవిడ్ అలెన్ 2001 నాటి పుస్తకంలో పని తెమల్చడానికి ఒక సులువు చెప్పాడు: రెండు నిమిషాల్లో అయ్యే పనిని రాసిపెట్టుకోకు, అప్పటికప్పుడు చేసెయ్యి. ఈ సులువును వివరించే వ్యాసాల నెత్తిన ‘చదవడానికి 2 నిమిషాలు’ అని ఉంటుంది. వాటిని కూడా తర్వాతకే దాస్తారు.

నిదర్శనం. తాంబరం నుంచి బీచికి వెళ్ళే లోకల్లో గిండీ దగ్గర ఒక కుర్రవాడు ఎక్కాడు. మెడలో ఆఫీసు ట్యాగు, వీపుసంచి ముందుకు తిప్పి ఉంది. కమ్మీకి ఒక మోచెయ్యి తగిలించి ఫోను తీసి, మాంబళంలో దిగుతానని ఎవరికో చెప్పి, తెర చూశాడు. ఏకాగ్రత పెంచుకునే ఏడు మార్గాలన్న శీర్షిక కనిపించింది. శీర్షిక దాటి కిందికి ఒక్క పేరా జరిపాడు, మార్గం మొదటిది రాకముందే మూల ఉన్న రిబ్బను గుర్తు నొక్కాడు. సైదాపేట వచ్చేలోపల తెర మీద బిర్యానీ దేగిసా మూత లేచింది. ఆ తర్వాత ఎవరిదో పెళ్ళి ఊరేగింపు. బండి ఆగింది, కదిలింది. ఎదుటి బెంచీ మీద పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ చెన్నపట్నం తెలుగులో, ‘ఏం నాయనా, ఫోన్లో మాంబళంలో దిగుతానంటివే, అదుగో కోడంబాక్కం కూడా వచ్చేసిందే’ అంది. ‘అయ్యో, చూసుకోలేదమ్మా’ అంటూ అతను దిగింది నుంగంబాక్కంలో. ఎదుటి ప్లాట్‌ఫారం మీద తిరుగు బండి కోసం నిలబడి మళ్ళీ ఫోను తీశాడు. ఇదే శత్రర్థకం.

‘నిదుర మేలటంచు’. సెల్ఫ్ కేర్ వ్యాసాల్లో నిద్ర మీద వచ్చినవే గొప్పవి. పడుకునే ముందు ఫోను పక్కన పెట్టెయ్యండని ప్రతిదాంట్లోనూ ఉంటుంది. దాన్ని చదివే చోటు మాత్రం పడక. ‘అట’ అన్న చిన్న ముక్క గమనించాలి. నిద్ర మేలని కవికి స్వయంగా తెలిసినట్టు లేదు, విన్నాడంతే. వెనకటికి శనివారం నెత్తిన నువ్వుల నూనె మర్దించి, కుంకుడుకాయ రసంతో తలంటి, కళ్ళు మండుతున్నాయని ఏడుస్తుంటే అన్నం పెట్టి పడుకోబెట్టేవారు. మధ్యాహ్నం ఎప్పుడు నిద్ర పట్టిందో తెలిసేది కాదు. దాన్ని ఏమంటారో అప్పట్లో ఎవరూ అడగలేదు.

పూర్వపక్షం. ‘దాచుకుంటే తప్పేమిటి? మెకంజీ చదవకపోయినా ఆ కైఫీయత్తులు ఇవాళ పనికిరావడం లేదా?’ అని కొందరి ఆక్షేపణ. గట్టి ఆక్షేపణే. తెలుగునాట ఊరి చరిత్ర రాయబూనినవాడు ఇప్పటికీ ఆ కట్టల గుమ్మం తొక్కాల్సిందే. సమాధానం: మెకంజీ రాయించకపోతే ఊరి కరణం జ్ఞాపకం కరణంతోపాటే పోయేది. తెల్లవారుజామున అయిదింటికి లేవమనే వ్యాసం అలా పోయేది కాదు. నువ్వు దాచకపోతే రేపు ఇంకొకరు పంపుతారు, ఎల్లుండి మీ మేనేజరు పంపుతాడు. చెదలు దాన్ని ముట్టవు. అంతరించే భయం లేనిదానికి భాండాగారం ఎందుకు?

ఇక్కడే ఎస్.ఆర్. రంగనాథన్ గారిని తలుచుకోవాలి. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకునే ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథపాలకుడయ్యాడు. 1931లో గ్రంథాలయ శాస్త్రాన్ని అయిదు సూత్రాల్లో బిగించాడు. పుస్తకాలున్నది వాడడానికన్నది మొదటిది, చదువరి కాలం కాపాడాలన్నది నాలుగోది. మొదటిదాన్ని వివరిస్తూ, ఒకప్పుడు పడమటి దేశాల్లో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసేవారన్న సంగతి ఎత్తుకుంటాడు. ఆ గొలుసు పుస్తకం గది దాటి పోకుండా పట్టుకునేది, చదవడానికి అడ్డొచ్చేది కాదు. మన నాయకుడి దగ్గర గొలుసు లేదు. నాలుగో సూత్రం పేరు చెప్పి కాలం మిగుల్చుకునే ఉపాయాలన్నీ పోగేసి, వాటికి ‘తప్పక’, ‘వారాంతం’, ‘చాలా ముఖ్యం’ అని చీటీలు అంటించడంలో ఆదివారం మధ్యాహ్నం గడిపేస్తాడు.

ఛందస్సు. ఆటవెలది. మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి, తక్కిన రెంటిలో అక్షరయతి. లింకుకూ బ్యాంకుకూ ఇంత చక్కగా పొత్తు కుదరడం కవి ప్రతిభ అనుకోనక్కర్లేదు, అవి రెండూ ఎప్పటినుంచో కలిసే తిరుగుతున్నాయి. ఖాతా ఆగిపోతుంది, కింది లింకు నొక్కండని వచ్చే సందేశాలు అందరికీ తెలిసినవే.

పాఠాంతరం. నాలుగో పాదానికి ‘తెల్లవారుదాక తెలివి తప్పె’ అని వేరొక ప్రతిలో ఉంది. యతి సరిపోయింది, గణాలు సరిపోయాయి, ఫోను ముక్కు మీద పడి మెలకువ రాకపోవడం లోకంలో ఉన్నదే. అయినా ఆ పాఠం స్వీకరించలేదు. తెలివి తప్పినవాడు ఎలాగో ఒకలాగ నిద్రపోయినట్టే లెక్క. అప్పుడు మూడో పాదంలో చదివిన వ్యాసం పనిచేసిందని ఒప్పుకోవలసి వస్తుంది. అందుకు ప్రమాణం ఎక్కడా దొరకలేదు.