నా తలకు కట్టిన వెల

నేను కాయోటీని. తోడేలుకు దాయాదిని, ఒడ్డూపొడుగులో దానికంటే చిన్నదాన్ని. నా పుట్టిల్లు ఉత్తర అమెరికా పశ్చిమాన ఉన్న గడ్డిమైదానాలు. అమెరికాలో చాలా రాష్ట్రాల నుంచి తోడేళ్లను తుడిచిపెట్టిన విషం, ఉచ్చు, తుపాకీ నామీదా ప్రయోగించారు. 1931లో చట్టం చేసి మరీ ఆ పనిని ప్రభుత్వ వేటగాళ్లకు అప్పగించారు. నేటికీ ఏటా వేల సంఖ్యలో ప్రభుత్వ సిబ్బంది చేతుల్లో చస్తున్నాం. అయినా నేను అట్లాంటిక్ తీరం దాకా పాకాను. షికాగో, లాస్ ఏంజెలెస్ నగరాల్లో పిల్లల్ని పెంచుతున్నాను. దీన్ని నా గొప్పగా చెప్పుకోను. గుడ్డిగా సాగే వేటలోనే లోపముంది.

మాలో ఒక్కో జంట ఒక్కో హద్దును కాచుకుంటుంది. ఆ జంటను కాల్చేస్తే ఖాళీ అయిన నేలలోకి నిలువనీడ లేని కుర్ర కాయోటీలు వచ్చి చేరతాయి. తినే నోళ్లు తగ్గితే పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతాయి, లేత ఆడవీ ఈనుతాయి. 1975లో కానొలీ, లాంగ్‌హర్స్ట్ అనే పరిశోధకులు వేసిన గణిత అంచనా ప్రకారం, ఏటా 75 శాతాన్ని చంపుతూ పోయినా మా జాతి అంతరించడానికి 50 ఏళ్లకు పైగా పడుతుంది.

గొర్రెపిల్లను పోగొట్టుకున్న కాపరికి ఈ లెక్కలెందుకని అడగవచ్చు. అతని నష్టం నిజమే, దాన్ని కాదనను. కానీ కాలిఫోర్నియాలోని హాప్‌లాండ్ పరిశోధనలో, గొర్రెపిల్లల్ని చంపుతున్నవి చాలావరకు మంద మేసే హద్దును కాచుకునే జంటలేనని తేలింది. అలాంటి జంటను గుర్తించి తొలగిస్తే కొంతకాలం ఊరట దొరుకుతుంది. దానికి నేను అడ్డు చెప్పను. కానీ జింకల్ని కాపాడాలని యూటా రాష్ట్రం 2012లో ఒక్కో కాయోటీకి 50 డాలర్ల వెల కట్టింది. చచ్చింది జింకను ముట్టిందో, ఎలుకలతో కడుపు నింపుకుందో ఆ వెల అడగదు. అదే యూటాలో కొన్ని జంటలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేస్తే, సాకాల్సిన పిల్లలు లేక అవి గొర్రెపిల్లల జోలికి తక్కువగా వెళ్లాయి. 1995లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు తిరిగొచ్చిన తోడేళ్లు మమ్మల్ని తగ్గించాయి కదా, మనిషి ఎందుకు తగ్గించలేడని మరో ప్రశ్న. తోడేలు ఏడాది పొడుగునా అక్కడే కాపురముంటుంది. వేటగాడు కాల్చి ఇంటికి పోతాడు.

కాపలా కుక్కలు, రాత్రిపూట దొడ్డి, గొర్రెలు ఈనే కాలంలో కనిపెట్టుకుని ఉండే మనిషి: మందకు ముందు ఇవి కావాలి. ఏ పథకాన్నయినా చచ్చిన కాయోటీలతో కాక, బతికిన గొర్రెపిల్లలతో లెక్కగట్టాలి.