నాసా చెప్పిందట!

తెల్లారేసరికి ఫోనులో గుడ్ మార్నింగ్ పువ్వుల పక్కనే ఒక ‘మీకు తెలుసా?’ వచ్చి కూర్చుంటుంది. ప్రపంచంలో ఎవరికీ తెలియని నిజమట. ఇంటిల్లిపాదీ దాన్ని అప్పటికే నాలుగుసార్లు చదివి ఉంటారు. కింద సంతకం ఎప్పుడూ పెద్దవాళ్లదే: నాసా, యునెస్కో, మరీ తొందరైతే ‘శాస్త్రవేత్తలు’.

ఈ వంశానికి మూలపురుషుడు చైనా గోడ. చంద్రుడి మీద నుంచి మనిషి కంటికి ఆనే కట్టడం అదేనని అమెరికాలో రిప్లీ ‘బిలీవ్ ఇట్ ఆర్ నాట్’ 1932లో అచ్చేసింది. మనిషి అంతరిక్షంలో అడుగుపెట్టిందేమో 1961లో! ఇంగ్లండులో విలియం స్టూక్లీ అనే పండితుడు ఇంకా ముందే, 1754లోనే, ఒక ఉత్తరంలో ఇదే మాట రాశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. గోడ వెడల్పు చూస్తే కొద్ది మీటర్లు. అక్కడి నుంచి దాన్ని చూడగలిగినవాడు, నాలుగు కిలోమీటర్ల అవతల నిలబడిన మనిషి తలలో ఒక్క వెంట్రుకను విడిగా పోల్చుకోగలడు. పైగా గోడది చాలాచోట్ల చుట్టుపక్కల మట్టి రంగే. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే భూమిని 14 సార్లు చుట్టి వచ్చాడు. గోడ కనిపించలేదన్నాడు. సొంత దేశపు గోడ, కనిపించిందంటే కాదనేవాళ్లెవరు? పాపం, అబద్ధమాడటం చేతకాలేదు.

అదే 1932లో ఆస్ట్రేలియా సైన్యం పొలాలు పాడుచేస్తున్న ఈము పక్షుల మీదికి మెషిన్‌గన్లతో దండెత్తింది. మేజర్ మెరెడిత్ నాయకుడు, 10,000 తూటాలు సరంజామా. పక్షులే గెలిచాయి. పేరూ తేదీ ఊరూ ఉన్న అసలు సిసలు వింత ఇది. కానీ దీన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు, ఇందులో నాసా లేదుగా!

నాసా ఉన్నది దీపావళి ఫొటోలో. పండుగ రాత్రి రంగురంగుల భారతదేశమంటూ ఏటా తిరిగే ఆ బొమ్మ ఒక్క రాత్రిది కానే కాదు. 1992, 1998, 2003 నాటి ఉపగ్రహ సమాచారాన్ని కలిపి, ఊళ్లలో కొత్తగా పెరిగిన వెలుగులకు ఏడాదికో రంగు వేసిన పటం అది. 2012లో నాసాయే నిజమైన ఫొటో పెట్టి, దీపావళికి అదనంగా వచ్చే కాంతి అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత తక్కువని వివరించింది. నాసా పేరు మీద ఏ మాటైనా నమ్మేవాళ్లు, నాసా స్వయంగా చెప్పిన మాట మాత్రం నమ్మలేదు.

ఇక యునెస్కో. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమని ప్రకటించిందన్న కథను ఆ సంస్థ 2008లోనే కాదంది. 2016లో కొత్త 2000 నోటుకూ అదే సంస్థ పేరుతో అదే కిరీటం పెట్టారు. చాలదన్నట్టు ఆ నోటులో నానో చిప్పు ఉందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహానికి కబురందుతుందని టీవీల్లో బొమ్మలు గీసి మరీ చూపించారు. రిజర్వు బ్యాంకు 2023 మేలో ఆ నోటును చలామణీ నుంచి ఉపసంహరించింది. ఆ తర్వాత రెండేళ్లు గడిచినా వేల కోట్ల రూపాయల విలువైన నోట్లు తిరిగి రాలేదని ఆ బ్యాంకు లెక్కలే చెప్పాయి.