పన్నెండు సెకన్లకు టీకాతాత్పర్యాలు

మూలం: “అభ్యర్థి ఏరోబిక్ బేస్ దృఢంగా ఉన్నప్పటికీ లాక్టేట్ థ్రెషోల్డ్ దశలో పేసింగ్ క్రమశిక్షణ లోపించిన కారణంగా 1600 మీటర్ల పరుగు 8 నిమిషాల 12 సెకన్లలో ముగిసింది. స్పెసిఫిక్ ఎండ్యూరెన్స్ పెంపొందించుకోవాలి. సంకల్పం ఉంటే సాధ్యం కానిది లేదు.”

అవతారిక. పై గద్యం ఏ ఒక్క మహానుభావుడి కృతీ కాదు. చెరుకుపల్లి నుంచి రేపల్లె దాకా, తెనాలి నుంచి బాపట్ల దాకా కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగెత్తే కుర్రాళ్ల ఫోన్లలో ‘పెర్ఫార్మెన్స్ ఎనాలిసిస్’ అనే పేరుతో వచ్చి పడే పత్రాల ధోరణి పట్టి కూర్చిన పాఠమిది. కర్త అజ్ఞాతం, కాలం అనిశ్చితం, ప్రక్షిప్తాలు లెక్కలేనన్ని. ‘దృఢంగా’ అన్నచోట ‘సంతృప్తికరంగా’ అనీ, ‘లోపించిన’ అన్నచోట ‘మెరుగుపడవలసిన’ అనీ పాఠాంతరాలున్నాయి. కుర్రాడి పేరు మారుతుంది, సెకన్లు మారతాయి, వాక్యం మాత్రం మారదు. ఒకే పద్యాన్ని పదిమంది జమీందార్లకు అంకితమిచ్చిన ఆస్థానకవిలా నిబ్బరంగా ఉంటుంది. చెరుకుపల్లి మండలంలోని కావూరు కవి తుమ్మల సీతారామమూర్తి పుట్టిన ఊరు. పద్యం చదివితే అన్వయం ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో అరుగు మీద కూర్చుని తేల్చిన నేలలో వ్యాఖ్యానానికి ఈ గతి పట్టడం చూసి ఊరుకోలేక ఈ టీక.

ప్రతిపదార్థం సుగమం. కష్టమైన చోట ‘స్పష్టము’ అని రాసి జారుకుంటారని వ్యాఖ్యాతల మీద పాత అపవాదు ఉంది గాని, ఇక్కడ పదాలు నిజంగానే స్పష్టం, ఏ ఫోనునడిగినా చెబుతుంది. చిక్కంతా అలంకారంలో ఉంది. పైకి చూస్తే ఇది కావ్యలింగం: కార్యం ఉంది, దాన్ని సమర్థించే కారణమూ ఉంది. అయితే కావ్యలింగంలో కారణం నిలబడాలి. కారణం కానిదాన్ని కారణంగా ఊహించి చెబితే అది హేతూత్ప్రేక్ష. లాక్టేట్ సంగతి తెలియాలంటే వేలి కొసనో చెవి తమ్మెనో గుచ్చి రక్తం బొట్టు తీయాలి. ఏరోబిక్ బేస్‌ను తూచే వీఓటూ మ్యాక్స్ తెలియాలంటే ముక్కూ నోరూ కప్పే మాస్కు తగిలించి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వదిలిన గాలిని కొలవాలి. ఈ కుర్రాణ్ణి ఎవరూ గుచ్చలేదు, మాస్కూ పెట్టలేదు. మైదానం పక్కన నిలబడి ఒకరు స్టాప్‌వాచ్ నొక్కారు, అంతే. ఆ ఒక్క నొక్కుడులోంచి ఏరోబిక్ బేస్ ఎంత గట్టిదో, లాక్టేట్ ఏ దశలో పొంగిందో, క్రమశిక్షణ ఎక్కడ సడలిందో వెలికి తీశారు. కాళిదాసుకు కూడా ఇంత ఊహ లేదు. చివరి వాక్యం అర్థాంతరన్యాసం, అంటే విశేషాన్ని సామాన్యంతో సమర్థించడం. ఇది లేనిదే పత్రం పూర్తయినట్టు కర్తకు తోచదు.

మెదక్ వైపు కొల్చారం మల్లినాథసూరి స్వస్థలమని ప్రసిద్ధి. రఘువంశం నుంచి నైషధం దాకా వ్యాఖ్యానించిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి పనిలోకి దిగాడు. పరుగుకు మూలమేది? 8:12 అనే మొత్తం మూలం కాదు, పుస్తకం అట్ట మీది పేరు వంటిది. మూలం నాలుగు చుట్లలో ఉంటుంది. పురుష అభ్యర్థికి గడువు 8 నిమిషాలు కనుక 400 మీటర్ల చుట్టుకు 120 సెకన్లు. ఇద్దరు కుర్రాళ్లు అనుకోండి. మొదటివాడి చుట్లు 105, 122, 134, 131. రెండోవాడివి 126, 125, 124, 117. రెండూ కూడండి: 492, అంటే 8:12. మొదటివాడు విజిల్ వినగానే గుంపుతో ఎగబడి, మూడో చుట్టులో కాళ్లు ఈడ్చాడు. రెండోవాడు భయపడి దాచుకున్నాడు, దాచుకున్నది చివర్న బయటపడింది గాని అప్పటికే ఆలస్యమైంది. ఒకడికి కళ్లెం కావాలి, ఇంకొకడికి ములుకోల కావాలి. నాలుగు చుట్లూ 123 చొప్పున లాగిన మూడోవాడు ఉన్నాడనుకుంటే వాడికి ఈ రెండూ కాదు, నెలల తరబడి దమ్ము పెంచే సాధన కావాలి. మరి పత్రం? ముగ్గురికీ ‘స్పెసిఫిక్ ఎండ్యూరెన్స్’ అని ఒకటే మందు.

కొలతకు తోడుగా ఉండవలసినవి లేకపోతే కొలత చెల్లదనే న్యాయం అథ్లెటిక్స్‌లో ఎంత కఠినమో చూడాలంటే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ చాలు. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 అప్పటి జాతీయ రికార్డు. జ్యోతి 2020లో మూడబిద్రిలో 13.03కే ముగించింది. డోపింగ్ పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు, చెల్లలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, నియమం 2.0 వరకే ఒప్పుకుంటుంది, అదీ చెల్లలేదు. మరుసటి నెల సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో ముగిస్తే అది రికార్డయింది. ముందటి రెండింటికన్నా నెమ్మదైన పరుగు చరిత్రకెక్కింది, ఎందుకంటే దాని పక్కన ఉండవలసినవన్నీ ఉన్నాయి. గాలిమానం ముగింపు గీతకు 50 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.22 మీటర్ల ఎత్తున ఉండాలి, 100 మీటర్ల హర్డిల్స్‌కి 13 సెకన్ల పాటు కొలవాలి. ఇంత పట్టింపు ఉన్న శాస్త్రం ఇది. 1600 మీటర్లకు గాలి కొలవరు, చుట్టు తిరిగేసరికి ఎదురుగాలీ వెనకగాలీ చెల్లుకు చెల్లని లోకాభిప్రాయం. చెల్లవు. గాలి నిరోధం వేగవర్గంతో పెరుగుతుంది. సెకనుకు 3.33 మీటర్ల వేగంతో పోయేవాడికి గాలి లేనప్పుడు వర్గం 11. మూడు మీటర్ల గాలి ఎదురైతే 40, వెనక నుంచి వస్తే దాదాపు సున్న, సగటు 20. ఈ వేగంలో మొత్తం శ్రమలో గాలి వాటా చిన్నదే, ఒప్పుకుంటాను, కానీ సముద్రానికి ఇంత దగ్గర్లో, మధ్యాహ్నం తిరిగాక నిజాంపట్నం దిక్కునుంచి గాలి లేచే ప్రాంతంలో పొద్దున పరుగునూ సాయంత్రం పరుగునూ పక్కపక్కన పెట్టి ‘నాలుగు సెకన్ల పురోగతి’ అని రాసేవాడు గాలివైపు ఒక్కసారైనా చూడొద్దా? వాయువు గురించి చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. పత్రం ఎటు పోయిందో వెతకాలి.

దొరికింది. పన్నెండు సెకన్లకు ‘క్రమశిక్షణ లోపం’ కారణమన్నారు గదా. హైస్కూలు మైదానంలో సున్నంతో గీసిన చుట్టు 400 మీటర్లని ఎవరు చెప్పారు? అది 390 ఉంటే నాలుగు చుట్లకు 40 మీటర్లు తక్కువ. వంద మీటర్లకు 30 సెకన్ల లెక్కన 40 మీటర్లకు 12 సెకన్లు. అంటే సొంత ఊళ్లో సరిగ్గా 8 నిమిషాలకు వచ్చేవాడు, అదే వేగంతో, అదే దమ్ముతో పరీక్ష మైదానంలో 8:12కి వస్తాడు. లోపం ఊపిరితిత్తుల్లో లేదు, సున్నపు గీతలో ఉంది. ఇంకొకటి. గుంపుగా పరుగెత్తేటప్పుడు వంపుల్లో లోపలి గీతకు మీటరు దూరం జరిగి పోయేవాడికి చుట్టుకు 6.28 మీటర్లు అదనం. 20,000 వ్యాసానికి పరిధి 62,832 అని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే లెక్క కట్టి ఇచ్చాడు, కాబట్టి దీనికి విదేశీ యాప్ అక్కర్లేదు. నాలుగు చుట్లకు 25 మీటర్లు, ఏడున్నర సెకన్లు. పన్నెండులో ఏడున్నర ఇక్కడే పోయింది. టేపు తెచ్చి కొలవడం ఒక పూట పని. ఆ పూట పని ఎవరూ చెయ్యరు గాని థ్రెషోల్డు గురించి రెండు పేజీలు రాస్తారు.

పూర్వపక్షం: ఇవన్నీ పల్లెటూరి లెక్కలు, సైన్సు లేకుండా వేగం పెరుగుతుందా? సిద్ధాంతం: సైన్సు తెలిసినవాడినే సాక్ష్యానికి పిలుద్దాం. రోజర్ బానిస్టర్ వైద్యవిద్యార్థి, ట్రెడ్‌మిల్ మీద శ్వాస గురించి తానే పరిశోధన చేసినవాడు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలును 3:59.4కి ముగించిన రోజున ఆయన నమ్ముకున్నది ముందు పరుగెత్తే ఇద్దరు స్నేహితుల్నీ, చుట్టు చుట్టుకూ తెలిసే సమయాన్నీ: మొదటి చుట్టు 57.5, సగం దూరానికి 1:58.2. అంతకుముందు సాధనలో పదిసార్లు పరుగెత్తే పావుమైలు 61 సెకన్ల దగ్గర మొరాయిస్తే, కొత్త పదజాలం కనిపెట్టలేదు. స్కాట్లాండ్ వెళ్లి కొండలెక్కి, కొద్ది రోజులు పరుగు మానేసి వచ్చాడు. 59కి దిగింది. విశ్రాంతి అనే మాట ఈ పత్రాల్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. రెండో పూర్వపక్షం: పెద్ద మాటలు కుర్రాళ్లకు ఉత్సాహమిస్తాయి, దానివల్ల నష్టమేమిటి? నష్టముంది. మొదటి చుట్టులోనే ఎగబడ్డవాడు ‘ఎండ్యూరెన్స్’ తక్కువని నమ్మి కాలవ గట్టు మీద రోజూ పది కిలోమీటర్లు అదనంగా పరుగెత్తుతాడు, ఆనక మోకాలు పట్టుకుని కూర్చుంటాడు. వాడికి కావలసింది మొదటి చుట్టు 118కన్నా ముందు రావొద్దని గట్టిగా చెప్పే ఒక మనిషి.

ఇంకా పత్రాల్లో బేస్ దశ, బిల్డ్ దశ, పీక్ దశ, టేపర్ అని పన్నెండు వారాల పట్టిక ఉంటుంది. ఇది ఇంకా పెద్ద ఉత్ప్రేక్ష. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వచ్చింది 2022 నవంబరులో. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. ఈ రెండేళ్లలో కుర్రాడు ఏ వారం పీక్‌కు చేరాలి? ఎప్పుడు టేపర్ చెయ్యాలి? తేదీ తెలియని పందేనికి దశలు గీసేవాడు పంచాంగం లేకుండా ముహూర్తం పెడుతున్నాడు. ఆ రెండేళ్లలో కొందరు కూలికి పోయారు, కొందరు పెళ్లి చేసుకున్నారు, కొందరు అప్పు చేసి మళ్లీ కోచింగుకు కట్టారు. ఆ పరుగుకు టీక రాయడం నా వల్ల కాదు.

తాత్పర్యం. పత్రంలో ఉండవలసినవి నాలుగు చుట్ల సమయాలు, టేపుతో కొలిచిన మైదానం పొడవు, పరుగెత్తిన వేళ. చుట్టు చుట్టుకూ సమయం గట్టిగా అరవడానికి ఫోను పట్టుకున్న తోటివాడు ఒకడు చాలు. ఇక సివిల్ పోస్టుకు 1600 దాటాక 100 మీటర్లు 15 సెకన్లలో ముగించాలి, లేదా లాంగ్ జంప్‌లో 3.80 మీటర్లు దూకాలి, రెంటిలో ఒకటి గట్టెక్కితే చాలు. ఎవరికి ఏది అచ్చి వస్తుందో మూలకర్త ఒక్క మాట కూడా అనలేదు. అది తేలాలంటే మైదానంలో ఒక మూల తవ్వి, ఇసుక పోసి, పలక దగ్గర కాలు ఎక్కడ పడుతోందో ఎవరో ఒకరు వంగి చూడాలి.