వీడికి ఊపిరాడటం లేదు

“వీడికి ఊపిరాడటం లేదు. ఇప్పుడు మీరేం చేస్తారు?”

పుట్టిన దగ్గర్నుంచి వీడు వింటున్న ప్రశ్న ఇది. వీడంటే మనిషి కాదు, శిక్షణ తరగతుల్లో గాయపడ్డవాడి వేషం వేసే బొమ్మ. ఆత్మకథ అంటే ‘నేను’ అని మొదలెట్టాలని వీడికీ తెలుసు. కానీ పాఠం చెప్పే సార్లు, భుజాన వేసుకుని పరిగెత్తే కుర్రాళ్ళు, కడుపు చిరిగినప్పుడల్లా కుట్లు వేసే టైలరు, అందరూ ‘వీడు’ అనే పిలిచారు. ఇప్పుడు కొత్తగా ‘నేను’ అంటే ఎవరో పరాయివాడు మాట్లాడినట్టుంటుందని వీడి భయం.

సొంతూరు పెద్దదోర్నాల. మార్కాపురం నుంచి వచ్చే రోడ్డు ఒకవైపు శ్రీశైలానికీ ఇంకోవైపు ఆత్మకూరుకీ చీలే చోట, ఒక టైలరు కొట్టు వెనక పుట్టాడు. కంపెనీ బొమ్మలు రబ్బరు ముఖంతో, ఛాతీ నొక్కితే టక్కుమనే స్ప్రింగుతో వస్తాయి. వాటికి పెట్టే డబ్బు లేని ఒక సేఫ్టీ ఆఫీసరు పాత టార్పాలిన్ పట్ట, ఇసుక, రంపపు పొట్టు తెచ్చి పడేసి, “మనిషంత పొడుగు, మనిషంత బరువు ఉండాల” అన్నాడు. టైలరు మిషను ఆ పట్ట మీద సూదులు విరగ్గొట్టుకున్నాక, దబ్బనం, పురికొస పట్టుకుని చేత్తోనే కుట్టాడు. ఎరువుల కొట్లో కాటా మీద పడుకోబెడితే వీడు 60 కిలోలు తూగాడు.

లోపం వెంటనే బయటపడింది. నిలబెట్టి మోస్తే ఇసుకంతా కాళ్ళలోకి జారి తల వాలిపోయేది. టైలరు మళ్ళీ విప్పి పొట్టకో అర, నడుముకో అర లోపల కుట్టాడు. ఆ తర్వాత ఒక వానరాత్రి వీణ్ణి బయటే మర్చిపోయారు. పొద్దున నలుగురు కలిసి స్ట్రెచర్ ఎత్తబోతే లేవలేదు. “ఏందిరా, రాత్రికి రాత్రి ఏం తిన్నాడు వీడు?” అని నవ్వుకున్నారు. సేఫ్టీ సారు మాత్రం నవ్వలేదు. బురదలోంచి తీసే మనిషి ఇంతే బరువుంటాడు, నలుగురు చాలరు, ఆరుగురు పట్టండి, నడుము వంచకుండా మోకాళ్ళు వంచి లేపండి అన్నాడు. అప్పట్నుంచి ప్రతి తరగతికి ముందు వీడికి రెండు బిందెల నీళ్ళ స్నానం తప్పనిసరి.

దోర్నాలలో ఇలాంటి బొమ్మకు పనేమిటంటే, దగ్గర్లోనే కొండ కింద సొరంగాలున్నాయి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర మొదలై, నల్లమల కింద నుంచి వచ్చి, దోర్నాల మండలం కొత్తూరు దగ్గర బయటపడే జంట సొరంగాలు ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2. మొదటిదాని తవ్వకం 2021 జనవరిలో, రెండోదానిది 2024 జనవరిలో ముగిసింది. పైనంతా పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా పైకి దారులు తవ్వలేదు. తవ్వకం సాగినన్నాళ్ళూ లోపలికి పోయే దారే బయటికొచ్చే దారి. పదో కిలోమీటరు దగ్గర ఏం జరిగినా, కాపాడేవాడూ వాడి సామానూ వాడు పీల్చే గాలీ ఆ ఒక్క మూతి నుంచే పోవాల్సి వచ్చేది.

సొరంగంలో తవ్వి తీసిన రాయీ మట్టీ బురదా కలిపి ‘మక్’ అంటారు. ఎన్ని మీటర్లు తవ్వారో పేపర్లలో వస్తుంది. మక్ ఎత్తినవాళ్ళ సంగతి ఎక్కడా రాదు. కూలిన చోట ఆ మక్‌ను మళ్ళీ ఎత్తాల్సి వస్తే ఆ పని మామూలు మక్ పని కాదు. పైకప్పు ఎప్పుడు జారుతుందో తెలియదు, నీళ్ళ కింద ఏ కరెంటు తీగ ఉందో తెలియదు, ఏ గాలి నిలవుందో అసలే తెలియదు. వీణ్ణి కుట్టించింది ఆ ‘తెలియదు’ల కోసమే.

వీడికి బాగా గుర్తున్న తరగతి సిమెంటు తూములో జరిగింది. రెండు కొసలకూ గోనెపట్టలు వేలాడదీసి, వీణ్ణి మధ్యలో బోర్లా పడేశారు. సారు మామూలు ప్రశ్నే వేశాడు. మాట పూర్తి కాకముందే దోర్నాల పక్క పల్లె కుర్రాడొకడు పట్ట ఎత్తి లోపలికి దూరి, వీడి కాలర్ పట్టుకున్నాడు. బయట చప్పట్లు. సారు అన్నాడు: “బాగుందబ్బాయ్. ఇప్పుడు నువ్వు కూడా వాడి పక్కన పడుకో.” కుర్రాడికి అర్థం కాలేదు. “లోపల ఆక్సిజన్ లేదు. నువ్వు పోయినావు. ఇప్పుడు ఇద్దర్ని మోయాల. ఎవరొస్తారు మూడోవాడు?” ఎవరూ కదల్లేదు. కుర్రాడు వీడి పక్కన తరగతి అయ్యేదాకా పడుకునే ఉన్నాడు, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ.

ఇది బెదిరింపు కోసం చెప్పిన మాట కాదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ 1986లోనే లెక్క తేల్చింది: ఇరుకు చోట్ల జరిగే చావుల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళవే. మన దగ్గర బావి పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే అన్నదమ్ముడు దిగడం, వాడి వెనక ఇంకొకడు దిగడం ఏటా వినే వార్తే. ధైర్యం కరువై కాదు, ఎక్కువై పోతున్నారు.

కాబట్టి పాఠంలో మొదటి వస్తువు తాడు కాదు, గ్యాస్ మీటరు. అరచేతిలో పట్టే ఆ పెట్టె నాలుగింటిని చూస్తుంది. ముందు ఆక్సిజన్. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే పెట్టె అరుస్తుంది. తర్వాత మండే వాయువులు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆపైన వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్. చివర్న కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. ఇది మహా టక్కరి. మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది, కంపు పోయింది కదా అని మనిషి ముందుకడుగేస్తాడు. మీథేన్ గాలికంటే తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు. అందుకని మీటరును తాడుకో కర్రకో కట్టి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా చూడాలి. వీడి బెల్టుకు ఆ మీటరు తగిలించి తూములోకి తోసి, బయటికి లాగి చదివించేవాళ్ళు. మీటరుకు వీడొక బండి.

2025 ఫిబ్రవరి 22 తర్వాత తరగతుల్లో నవ్వులు తగ్గాయి. ఆ రోజు పొద్దున శ్రీశైలం ఆనకట్టకు అవతల, తెలంగాణలోని దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం సుమారు 14 కిలోమీటర్ల లోపల కూలింది. తవ్వకం పూర్తయితే 44 కిలోమీటర్లుండే సొరంగం అది. నీళ్ళూ బురదా రాళ్ళూ ఒక్కసారి విరుచుకుపడితే తవ్వే యంత్రమే నలిగిపోయింది. ఇంజినీర్లూ ఆపరేటర్లూ కూలీలూ కలిపి 8 మంది లోపల చిక్కుకున్నారు. వాళ్ళంతా వేరే రాష్ట్రాల నుంచి పనికొచ్చినవాళ్ళు.

ఆ తర్వాత రెండు నెలలు అక్కడ జరిగిందే వీడి తరగతికి పాఠ్యపుస్తకం. ఎన్డీఆర్‌ఎఫ్, సైన్యం, నౌకాదళం, సింగరేణి రెస్క్యూ జట్లు, దక్షిణ మధ్య రైల్వే లోహం కోసేవాళ్ళు, 2023లో ఉత్తరాఖండ్ సిల్క్యారాలో 41 మందిని బయటికి తెచ్చిన ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ పోలీసుల జాగిలాలు, అందరూ వచ్చారు. లోకో బండిలో పోయి, బురదలో నడిచి, నీళ్ళు తోడుతూ యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా కోసి బయటికి పంపారు. సొరంగంలో గ్యాస్ కట్టర్ వెలిగిస్తే అది మనుషులు పీల్చే ఆక్సిజన్‌నే తింటుంది, పొగ అక్కడే తిరుగుతుంది. గాలి గొట్టాన్ని ముందుకు పొడిగించనిదే కట్టర్ ముందుకు పోకూడదు. మార్చి 9న ఒకరి మృతదేహం, 25న ఇంకొకరిది దొరికాయి. ఆపైన చివరి భాగాన్ని ఎవరూ పోకూడని చోటుగా తేల్చి, కంచె వేసి, ఏప్రిల్ ఆఖరుకు తవ్వకం ఆపారు. ఆరుగురు లోపలే ఉండిపోయారు.

ఆ ఆపడం గురించి తరగతిలో గొడవైంది. “ఇంటోళ్ళకు శవమైనా ఇయ్యకపోతే ఎట్టా సార్?” అని ఒక మేస్త్రీ లేచాడు. సారు సింగరేణి సంగతి చెప్పాడు. 2003 జూన్ 16న గోదావరిఖని గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది పోయారు. అలాంటివి చూసిన సంస్థ అది. రామగుండం రెస్క్యూ స్టేషన్లో పొగ నింపిన వేడి గ్యాలరీల్లో, వీపున ఆక్సిజన్ పరికరం మోస్తూ సాధన చేసినవాళ్ళు కూడా సిలిండర్లో మిగిలిన పీడనాన్ని మాటిమాటికీ చూసుకుంటారు. తిరిగి రావడానికి సరిపడా మిగలకపోతే ఎదురుగా మనిషి కనబడుతున్నా వెనక్కి తిరుగుతారు. మేస్త్రీ కూర్చున్నాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు. వీడికీ ఆ మేస్త్రీ ప్రశ్నే సబబనిపించింది. సారు జవాబూ సబబే.

మధ్యలో ఒక ముచ్చట. సున్నిపెంటలో తరగతికని వీణ్ణి జీపు వెనక వేసుకుని బయల్దేరేసరికి చీకటిపడింది. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే అడవి దారి గేటు రాత్రి 9కి మూస్తారు. మూసే ముందు చెక్‌పోస్టు దగ్గర గార్డు టార్చి వేసి చూస్తే, పట్ట కింద నుంచి రెండు గమ్‌బూట్లు. “సార్, బాడీ!” అని కేక పెట్టాడు. డ్రైవరు దిగొచ్చి, “వీడికి ఊపిరాడటం లేదన్నా. అసలెప్పుడూ ఆడలేదులే” అన్నాడు. గార్డు వీడి పొట్ట నొక్కి, ఇసుక చూసుకుని, అప్పుడు గేటెత్తాడు.

సొరంగం వాళ్ళకు కనీసం బొమ్మ ఉంది. అసలు చిక్కు ప్రమాదం తర్వాత బురద ఎత్తడానికి వచ్చేవాళ్ళది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్ళు తీశాక ఇళ్ళలో పేరుకున్న బురద కడగడానికి ఫైరింజన్లు పెట్టారు. వీధులు ఊడ్చడానికి ఇతర మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని రప్పించారు. పడవలెక్కి జనాన్ని దింపే ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్‌కు శిక్షణ ఉంది, గన్నవరం దగ్గర కొండపావులూరులో స్థావరం ఉంది. పార పట్టుకునే ఆమెకు ఏముంది? ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో చిన్న పుండుతో దిగితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. అలాంటి పని చేసేవాళ్ళకు డాక్టర్లు వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇస్తారు. ధనుర్వాతం టీకా సంగతి ముందే చూసుకోవాలి. చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలే దొరకవు.

బురద ఎండితే దుమ్ము. దుమ్ము జబ్బు చూపించేది ఏళ్ళ తర్వాత. న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలిన వారానికే, గాలి పీల్చుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించింది. అంత ధీమాగా చెప్పడానికి చాలినంత సమాచారం లేదని ఆ సంస్థ తనిఖీ విభాగమే 2003లో తేల్చింది. ఆ రోజు చనిపోయిన ఫైర్ సిబ్బంది 343. అక్కడ పనిచేసి తర్వాత జబ్బులతో పోయిన ఫైర్ సిబ్బంది లెక్క 2023 సెప్టెంబరుకు ఆ 343నే అందుకుంది. ఈ కథ నల్లమలకు దూరమనుకోనక్కర్లేదు. ఇక్కడి క్వార్ట్జైట్ రాయి నిండా సిలికానే. మార్కాపురం పలకల గనుల్లో, రాయి కోసే షెడ్లలో దుమ్ము ఎరగనివాళ్ళెవరు? తడిపి కొట్టడం, తడిపి ఊడ్వడం, మూతికి సరైన మాస్కు. అంతకంటే పెద్ద శాస్త్రమేమీ లేదు.

ఈ మధ్య వానలకు ముందు మార్కాపురం వైపు ఒక ఊళ్ళో పారిశుద్ధ్య కార్మికులకు తరగతి పెట్టారు. వీడికి స్నానం చేయించి పడుకోబెట్టారు. పని చోట ప్రాణానికి ముప్పుందనిపిస్తే యజమానికి చెప్పే హక్కు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఉందని సారు చదివి వినిపించాడు. ఎన్95 మాస్కు ఎలా బిగించాలో చూపించాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దామె చెయ్యెత్తింది.

“దీన్ని ఉతికి కట్టుకోవచ్చా సారూ?”

“వద్దమ్మా. దుమ్ము పట్టుకునేది అందులో ఉన్న స్థిరవిద్యుత్తు. ఉతికితే అది పోతుంది, ఉత్త గుడ్డవుతుంది.”

“మరి తడిసినా, మురికైనా కొత్తది కావాల. ఎవరిస్తారు?”

సారు పక్కనున్న కాంట్రాక్టరు మనిషి వైపు చూశాడు. ఆ మనిషి హాజరు పుస్తకం తీసి, శిక్షణ పూర్తయినట్టు అందర్నీ సంతకాలు పెట్టమన్నాడు. ఆమె పుస్తకం అందుకుని, మూసి, వీడి పొట్ట మీద పెట్టింది.

“మాస్కులు తీసుకరాబ్బాయ్. అప్పుడు పెడతాం.”

వెనకున్నవాళ్ళెవరూ లేవలేదు. ఆ మనిషి ఫోను తీసుకుని బయటికి పోయాడు.