స్నైపరు రైఫిలు తొలిచూపు: సటీకాతాత్పర్యము

అవతారిక

ఆయుధప్రదర్శనశాలలు వెలసిన నాటినుండి మన పత్రికలయందు ఒక నూతన వాఙ్మయశాఖ తలయెత్తినది. దానికి ‘తొలిచూపు’ అని పేరు. ప్రదర్శనశాలలోని బల్లపై, ఉక్కుతీగతో కట్టివేయబడి, తూటా లేక, తూటా పెట్టుటకు అనుమతియు లేక పడియున్న రైఫిలును ఒక రచయిత రెండు నిమిషములు భుజమున కాన్చి, దుర్భిణిలోనుండి ఎదుటి దుకాణపు పంకాను చూచి, బల్లవెనుక నిలిచిన విక్రేత యిచ్చిన రంగురంగుల కరపత్రమును చంకబెట్టుకొని యింటికి వచ్చి, మరునాటి సంచికలో ఆ రైఫిలుతో పది సంవత్సరములు కాపురము చేసినవానివలె దాని గుణగణములను వర్ణించుట ఈ శాఖకు లక్షణము. ఇట్టివి పెక్కుమంది వ్రాసిరి. అన్నియు ఒక్క చేతివ్రాతవలె నుండును. ఆ యన్నింటి సారమును పిండి యీ క్రింది మూలమును కూర్చితిని గాన, ఇందు ఏ యొక్కనిని వెదకనక్కరలేదు.

మెదకు సీమలోని కొలచాల వంశమునకు కీర్తి తెచ్చిన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పట్టి కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్య రచించెను. ప్రస్తుతమూలకర్త ఆ ప్రతినలో మొదటి సగమును తానే భంగపరచియుండుటచే, రెండవ సగమును భంగపరచుభారము వ్యాఖ్యాతపై బడినది.

మూలము

“చేతిలోకి తీసుకోగానే దీని ఖచ్చితత్వం అర్థమైంది. బరువు చక్కగా కుదిరింది. పగటి దుర్భిణి స్ఫటికంలా ఉంది. రాత్రి దుర్భిణి చీకటిని పగలు చేస్తుంది. కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న లక్ష్యమైనా దీనికి లెక్క కాదు. పూర్తి పరీక్ష మరోసారి.”

టీక

“చేతిలోకి తీసుకోగానే దీని ఖచ్చితత్వం అర్థమైంది.” కన్నునకు రూపము, నాలుకకు రసము, చర్మమునకు స్పర్శ విషయములని తార్కికులు నిర్ణయించిరి గాని, అరచేతికి ఖచ్చితత్వము విషయమగునని ఏ దర్శనమునందును కానరాదు. గొట్టము, తూటా, మందు, పట్టు, గాలి, ట్రిగ్గరు నొక్కు వ్రేలు, ఇవి యన్నియు కలిసి దూరమున నున్న కాగితముపై పొడిచిన రంధ్రముల గుంపునకే ఖచ్చితత్వమని పేరు. ఒక డిగ్రీలో 60వ వంతు కోణమును నిమిషమందురు. నూరు మీటర్ల దూరమున అది సుమారు 29 మిల్లీమీటర్ల వెడల్పగును. ఒక రైఫిలు ఆ నిమిషములో నిలుచునా నిలువదా యని తేల్చుటకు మూడు తూటాలు చాలవు. ఒకే రైఫిలుతో మూడేసి తూటాల గుంపులను, పదేసి తూటాల గుంపులను కాల్చి చూచినచో మూడింటి గుంపులు సగటున చిన్నవిగానే యుండును; రైఫిలు మెరుగుపడినందున గాదు, లెక్కించువాడు తొందరగా చాలించినందున. మూడే చాలనిచోట సున్నతో సిద్ధాంతము చేయుట, మూత తీయని జాడీని చంకనెత్తి ఆవకాయలోని ఉప్పుకారములను నిర్ణయించుట వంటిది.

దీనికి ఒక పూర్వవృత్తాంతము కలదు. 1860వ సంవత్సరము జులై 2వ తేదీన ఇంగ్లండులోని వింబుల్డన్ మైదానమున జాతీయ రైఫిల్ సంఘము తన మొదటి సభను జరుపగా, విక్టోరియా రాణి ప్రారంభోత్సవముగా తొలి తూటాను కాల్చెను. విట్‌వర్త్ దొర నిర్మించిన రైఫిలును ముందుగనే ఒక యంత్రపీఠముపై బిగించి, 400 గజముల దూరమున నున్న లక్ష్యమునకు గురి కుదిర్చి, ట్రిగ్గరునకు పట్టుత్రాడు కట్టి యుంచిరి. రాణి ఆ త్రాటిని లాగెను. తూటా గురినడుమ తగిలెను. ఇచట సూక్ష్మబుద్ధులు గమనింపవలసిన దేమనగా, ఆ రైఫిలుయొక్క ఖచ్చితత్వమును నిరూపించుటకు దానిని ఎవ్వరును చేతిలోనికి తీసికొననే లేదు. మనుష్యహస్తము తగిలినచో నిరూపణము చెడునని వారికి తెలియును. మన మూలకర్తకు హస్తస్పర్శయే ప్రమాణము.

“బరువు చక్కగా కుదిరింది.” స్పష్టము. ఆరేడు కిలోలుండును, మోయువాడు వేరొకడు.

“పగటి దుర్భిణి స్ఫటికంలా ఉంది.” కంటిని కటకమునకు వెనుక తొమ్మిది సెంటీమీటర్ల యెడమున నిలుపవలెను. ముందునకు జరిగినను వెనుకకు జరిగినను బింబము చుట్టును నల్లని వలయము క్రమ్మును. ప్రక్కకు జరిగినచో ఒక ప్రక్కనుండి నెలవంకవంటి నీడ లోనికి ప్రాకును. ఆ నీడను వదలించుకొనుటకే మూలకర్తకు మొదటి నిమిషము వ్యయమైనది. రెండవ నిమిషమున పంకా కనబడినది. పంకారెక్కపై దుమ్ముకూడ కనబడినది గాన గాజు స్ఫటికసదృశమని నిర్ణయించెను.

దీపములు వెలుగుచున్న శాలలో ఏ గాజైనను స్ఫటికమే. దుర్భిణిముందటి కటకపు వ్యాసమును వృద్ధిసంఖ్యచే భాగించినచో కంటిలోనికి చేరు కాంతికిరణపు వెడల్పు తెలియును. 50 మిల్లీమీటర్ల కటకము, 25 రెట్ల వృద్ధి యైనచో అది 2 మిల్లీమీటర్లు. పట్టపగలు కనుపాప అంతకు పెద్దగా మించి తెరచుకొనదు గాన లోపము తెలియదు. మునిమాపువేళ వయసువాని కనుపాప ఏడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనును. అప్పుడు తెలియవలసిన తారతమ్యములన్నియు అప్పుడే తెలియును, శాల మాత్రము ఆరుగంటలకే మూయుదురు. పైగా గురిదుర్భిణికి స్వచ్ఛత రెండవ గుణము. మొదటి గుణము మాటతప్పకుండుట. పైనున్న మరను ఒక్క టిక్కు త్రిప్పినచో నూరు మీటర్లవద్ద గురి ఒక సెంటీమీటరు జరుగవలెను. నూరు టిక్కులు పైకి, నూరు క్రిందికి త్రిప్పినచో మొదలు నున్నచోటికే రావలెను. వచ్చునా? తూటా కాల్చక తెలియదు.

“రాత్రి దుర్భిణి చీకటిని పగలు చేస్తుంది.” ఇచట వ్యాఖ్యాత ఒకింత విస్తరించును.

మహాభారతమున ద్రోణపర్వమునందు, సైంధవుడు కూలిన పిదప యుద్ధము సూర్యాస్తమయముతో నిలువక రాత్రిలోనికి సాగినది. ఎవడు తనవాడో ఎవడు పరుడో తెలియని యా అంధకారమున దుర్యోధనుడు కాల్బలమును పిలిచి ఆయుధములు దించి దీపములు పట్టుడని ఆజ్ఞాపించెను. రథమునకు అయిదు, ఏనుగునకు మూడు, గుఱ్ఱమునకు ఒకటి చొప్పున దీపములమర్చిరి. పాండవులు ఊరకుండిరా? ఏనుగునకు ఏడు, రథమునకు పది, గుఱ్ఱమునకు రెండు పెట్టిరి. రాత్రిదృష్టిసాధనముల సేకరణలో ఒకపక్షమువారు కొన్నదానికి ఇబ్బడిగా రెండవపక్షమువారు కొనవలెనను నియమము అప్పటినుండి నేటివరకు అవిచ్ఛిన్నము. అయినను అర్ధరాత్రివేళ ఉభయసైన్యములు నిద్రచే తూలిపోవుచుండగా, చంద్రోదయమువరకు ఎల్లరు పండుకొనుడని అర్జునుడే చాటెను. దీపములన్ని యుండగా, తుదకు నమ్మినది చంద్రుని. ఆ మాట అర్జునుడు చెప్పుటలో విశేషము కలదు. చీకటిలో వీనికి అన్నము పెట్టవలదని ద్రోణుడు వంటవానికి రహస్యముగా చెప్పియుంచినను, ఒకనాడు గాలికి దీపమారిపోగా, అలవాటుచే చేయి నోటికి దారితప్పకుండ పోవుట గమనించి, ఆ క్షణమునుండి రాత్రులయందు విల్లు సాధనచేసినవాడు గదా యతడు. చీకటిలో గురి పెట్టగల మొనగాడు వెన్నెలకై వేచియుండుమనెను. కరపత్రము చదివినవాడు వేచియుండనక్కరలేదనుచున్నాడు.

ప్రకృతమునకు వత్తము. రాత్రి దుర్భిణు లనునవి రెండు జాతులు. మూలకర్త ఏది చూచెనో చెప్పలేదు. మొదటిది ఉన్న కొద్ది వెలుతురును పెంచునది. నక్షత్రకాంతి ముందటిపొరపై పడి ఎలక్ట్రానులను రాల్చగా, అవి సన్నని రంధ్రముల పలకలో వేలరెట్లు పెరిగి పచ్చని తెరపై బొమ్మ గట్టును. గుహలో దీనికి ఏమియు కనబడదు. వెలుతురే లేనిచో పెంచునదేమి? రెండవది వెలుతురుతో పనిలేక, వస్తువుల వేడినుండి వెలువడు 8 మొదలు 14 మైక్రోమీటర్ల కిరణములను గ్రహించునది. ఆ కిరణములు మామూలు గాజును దాటలేవు గాన కటకము జెర్మేనియముతో చేయుదురు. కిటికీ అద్దము వెనుక మనిషి నిలిచినచో దీనికి అద్దమే కనబడును, మనిషి కనబడడు. మొదటిజాతి దుర్భిణిని వెలుగున్నచోట మూత తీసి పూర్తిగా చూపరు, చెడిపోవును. మూతకున్న సూదిబెజ్జములోనుండి పట్టపగటి దీపకాంతిలో రాత్రియంత్రమును పరీక్షించి “చీకటిని పగలు చేస్తుంది” అనినవాని ధైర్యమునకు వ్యాఖ్యాత నమస్కరించుచున్నాడు. ఏ చీకటిని? శాలలో చీకటి ఎక్కడిది?

కలంకారీకి పేరొందిన మన బందరులో 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ స్థాపితమై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ అధీనమున జేరి, రాత్రిదృష్టిసాధనములను చేయుచున్నది. మనవాళ్లకు ఈ విద్య తెలియనిది కాదు. ఒక్కపూట బందరు పోయి అడిగినచో ఏ కార్మికుడైనను ఈ రెండు జాతుల భేదమును చెప్పియుండును.

హాస్యమునకు అవతల ఒక మాట. సరయూతీరమున దశరథుడు రాత్రి శబ్దమును బట్టి బాణము విడిచెను. కడవ నీటిలో మునుగు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడుగా తలచెను. గురి తప్పలేదు, తగిలినది మునికుమారునకు. రాజుగారి ఖచ్చితత్వము నిర్దుష్టము, అదియే ఘోరము. 1958లో అమెరికను సైన్యపు పరిశోధకుడు జాన్ జాన్సన్ ఈ విషయమునే సంఖ్యలలో పెట్టెను. ఏదో యున్నదని పసిగట్టుటకు ఆ వస్తువు అడ్డుకొలతపై ఒక్క గీతలజంట తెలిసిన చాలును; మనిషియా జంతువా యని పోల్చుటకు నాలుగు; ఎవడో, ఎట్టివాడో గుర్తించుటకు ఆరింటికి పైన. అనగా పసిగట్టు దూరములో ఆరవవంతుకన్న దగ్గరకు వచ్చినగాని గుర్తింపు లేదు. కరపత్రములలో పెద్ద అక్షరములతో అచ్చువేయు దూరము పసిగట్టునదే. తొలిచూపు వ్రాయువారు దానిని యథాతథముగా దింపుకొందురు. వేడిని చూపు తెరపై గొఱ్ఱెలకాపరియు తెల్లని మచ్చయే, చొరబాటుదారుడును తెల్లని మచ్చయే.

“కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న లక్ష్యమైనా దీనికి లెక్క కాదు.” అంతయు లెక్కయే. ఇట్టి రైఫిళ్లలో వాడు .338 లాపువా తూటా కిలోమీటరు పోవుటకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. ఆ లోపల భూమి దానిని పది మీటర్లకు మించి క్రిందికి లాగును, మూడంతస్తుల మేడ యెత్తు. ప్రక్కగాలి త్రోయునది వేరు. గాలి తుపాకివద్ద ఒకరీతిగను, నడుమ లోయలో ఒకరీతిగను, లక్ష్యమువద్ద మరియొకరీతిగను వీచును. దానిని గడ్డిపోచల వాలును బట్టి, ఎండమావుల కదలికను బట్టి అంచనావేయు మనిషి ఆ వాక్యములో ఎక్కడను లేడు. ఆ మనిషికే రేపు సరిహద్దు కొండమీద ఈ రైఫిలు చేతికి వచ్చును. అతనికి పనికివచ్చు అక్షర మొక్కటియు లేకుండ రెండు పుటలు నింపుట సామాన్యవిద్య కాదు.

“పూర్తి పరీక్ష మరోసారి.” లభించిన ప్రతులన్నింటను ఇచట గ్రంథపాతము. జారిపోయిన భాగమున ఏమి యుండవలెనో ఊహింపవచ్చును: చల్లని గొట్టమునుండి వెడలిన మొదటి తూటా ఎచట బడెను, కాగిన గొట్టమునుండి ఇరువదియవది ఎచట బడెను, రాత్రి దుర్భిణిని పగటిదానిముందు తగిలించి, ఊడదీసి, మరల తగిలించిన పిమ్మట గురి ఎంత జరిగెను, చలిలో బ్యాటరీలు ఎన్ని గంటలు నిలిచెను, చేతికి ఉన్నితొడుగు వేసికొని ఆ చిన్న మరను త్రిప్పవచ్చునా. తరువాతి సంచికలలో ఈ భాగమునకై మిక్కిలి వెదకితిమి. ఒకానొక ప్రతియందు అది యుండవలసిన పుటలో, అదే రైఫిలునకు అమ్మకపుసంస్థవారి నిండుపుట ప్రకటన మాత్రము కలదు. దానిని పాఠాంతరముగా గ్రహింపవచ్చునా, లేక ప్రక్షిప్తమనవలెనా యనునది పరిష్కర్తలు తేల్చుకొనవలసిన విషయము.