పాతిక లక్షల ధీమా, పొద్దుటి బస్సు

రాయలసీమ పేదవాడిని మించిన లక్షాధికారి లేడని ఒప్పుకోవాల్సిందే. 2007లో ఆరోగ్యశ్రీ వైద్య పథకం మొదలైనప్పుడు కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే పైన మరో 50 వేలు. 2023 డిసెంబరుకు ఆ పరిమితి 25 లక్షలైంది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది గానీ సభల్లో మాట మారదు: పేదవాడికి వైద్యం పూర్తిగా ఉచితం.

గుండెకు కోత పెట్టాల్సి వస్తే ఆ పథకం కార్డు ఆదుకుంటుంది, కాదంటే కళ్లు పోతాయి. కాబట్టి కర్నూలు జిల్లా కోసిగి కూలీ చేయాల్సిందల్లా ఒకటే: బీపీ, షుగరు దగ్గరే ఆగిపోకుండా రోగాన్ని శ్రద్ధగా ముదరబెట్టుకోవాలి. రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వట్టి నీరసానికి పాతిక లక్షలు ఏం చేసుకుంటారు?

కోత దాకా రాని రోగానికి కర్నూలు పెద్దాసుపత్రిలో ఓపీ ఉచితమే. ఆదోని నుంచి అక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. పొద్దుటి బస్సు పట్టుకోవాలి, తోడుకొకరు రావాలి. అంటే రెండు కూలీలు పోయినట్టే. చీటీ రాయించుకుని, రక్తమిచ్చి, వరండాలో సద్దిమూట విప్పుకునేలోపు ‘రిపోర్టు రేపు’ అంటే మరో రెండు కూలీలు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేదు, సంతోషం. పోయిన కూలీ మాత్రం ఎవరూ ఇవ్వరు. కడపలో బస్టాండులో దిగినా రిమ్స్ ఆసుపత్రికి మళ్లీ ఆటో ఎక్కాలి.

కూలీ పోతుందన్న సంగతి సర్కారుకు తట్టలేదని కాదు. 2019లో తెచ్చిన ఆరోగ్య ఆసరా రోజుకు 225 రూపాయలిచ్చింది, నెలకు 5 వేలు దాటకుండా, అదీ ఆపరేషన్ అయ్యాక. కోత దాకా రాకుండా తిరిగినవాడి రోజులు ఏ ఖాతాలోకీ రాలేదు.

2023లో ఫ్యామిలీ డాక్టరు పథకం వచ్చింది. నెలకు రెండుసార్లు వైద్యుడే పల్లెకు వస్తాడన్నారు. మంచి ఆలోచనే! కాకపోతే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్లకు ఊళ్లు కోతల కాలానికి గుంటూరు మిరపచేలకు సుగ్గికి వలస పోయుంటాయి. వైద్యుడి బండి ఠంచనుగా వచ్చినా, బీపీ మనిషి ఎక్కడో జిల్లాల అవతల కాయలు కోస్తుంటాడు.

అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు 1971లోనే రాశాడు. ఆయన చూసింది బొగ్గుగనుల పల్లెలను. మిరపచేలో ఇంటి తాళంచెవి కొంగున కట్టుకుని, మాత్రలు అయిపోయిన కోసిగి ఆడమనిషిని చూసుంటే ఇంకో వాక్యం చేర్చేవాడేమో. మన నేతలు మాత్రం వచ్చే ఎన్నికలకు పరిమితిని 50 లక్షలు చేస్తామనకపోరు.